ముప్పావలా వడ్డీ, పదేళ్ల కారు

బాపట్ల జిల్లా కొల్లూరు సెంటర్‌లో ఆగి ఉన్న కార్ల నంబరు ప్లేట్లు చూస్తే వాటి వయసు సగం తెలిసిపోతుంది. ఏపీ07 అని ఉంటే అది ఉమ్మడి గుంటూరు జిల్లా బండి. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ39 సీరీస్ రాకముందు రిజిస్టరైంది. రంగు ఎంత మెరుస్తున్నా దానికి ఆరేడేళ్లు దాటినట్టే. టీఎస్ అని ఉంటే తెలంగాణ నుంచి వచ్చింది. డీఎల్ అని ఉంటే ఢిల్లీ నుంచి వచ్చింది, దాని కథ ఈ అధ్యాయంలోనే ముందుముందు వస్తుంది.

లంకల్లో అరటి, కంద, పసుపు పండించే రైతింట్లోనూ, తెనాలిలో చిన్న దుకాణం నడిపే ఇంట్లోనూ కారు అవసరం ఇప్పుడు రోజువారీ మాట. పెద్దవాళ్లను గుంటూరు ఆసుపత్రికి చూపించాలి, పిల్లల్ని విజయవాడలో రైలెక్కించాలి, అర్ధరాత్రి పురుడు నొప్పులొస్తే రేపల్లెకో తెనాలికో పరుగెత్తాలి. కొత్త కారుకు ఆరేడు లక్షలు పెట్టలేని ఇల్లు రెండు మూడు లక్షల్లో వచ్చే పాత కారు వైపు చూస్తుంది.

చిక్కంతా అక్కడే మొదలవుతుంది. కొత్త కారు కొనేవాడికి షోరూంలోనే కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, అప్పు కాగితాల మీద సంతకాలు పెట్టించుకుంటారు. పదేళ్ల కారు పేరెత్తితే అదే బ్యాంకు మేనేజరు తల అడ్డంగా ఊపుతాడు. కొనాలనుకున్నవాడు తిరిగి తిరిగి చివరికి ‘ఫైనాన్స్ సంగతి మేం చూసుకుంటాం’ అనే బ్రోకర్ దగ్గర తేలతాడు. బండి నచ్చాక, అడ్వాన్సు ఇచ్చాక, అప్పుడు వడ్డీ ఎంతని అడుగుతాడు. ఈ వరస తిరగేయాలి. పాత కారు విషయంలో ముందు అప్పు తేలాలి, ఆ తర్వాతే బండి చూడాలి.

ఆర్‌సీలో ఎన్నేళ్లు మిగిలాయి?

సొంత అవసరానికి వాడే కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. 2016 జూన్‌లో రిజిస్టరైన బండి సి-బుక్కు 2031 జూన్ వరకు బతుకుతుంది. ఆ తర్వాత తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. ఈ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి కారుకు 5,000 రూపాయలైంది, అంతకుముందు 600 ఉండేది. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో కేంద్రం దాన్ని 10,000 చేసింది.

అప్పిచ్చేవాడు మొదట చూసేది ఈ తేదీనే. పాత కారు అప్పులో అందరూ వాడే సూత్రం ఒకటుంది: బండి ఇప్పటి వయసుకు అప్పు కాలపరిమితి కలిపితే ఒక హద్దు దాటకూడదు. ఈ హద్దు సంస్థను బట్టి మారుతుంది. బ్యాంకులు సాధారణంగా ఎనిమిది, పదేళ్ల దగ్గర గీత గీస్తాయి. ఫైనాన్స్ కంపెనీలు పన్నెండు దాకా, కొన్ని ఇంకాస్త ముందుకు కూడా వెళ్తాయి. అంటే 2016 బండికి 2026లో అప్పు అడిగితే, పదేళ్ల హద్దు పెట్టుకున్న బ్యాంకు ఇవ్వదు. పన్నెండేళ్ల హద్దున్న కంపెనీ ఇస్తుంది గానీ రెండేళ్లకే ఇస్తుంది. అప్పు చిన్నదే అయినా నెల కిస్తీ బరువవడానికి కారణం ఇదే.

అందుకే అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎంత ఇస్తారు’ అని కాదు, ‘ఏ సంవత్సరం మోడల్ దాకా, ఎన్ని నెలలకు ఇస్తారు’ అని. రెండు బ్యాంకుల్లో, రెండు ఫైనాన్స్ కంపెనీల్లో ఇదొక్కటే కనుక్కుంటే చూడాల్సిన బండ్ల జాబితా సగానికి తగ్గుతుంది. 2014 మోడల్ మీద మనసు పడి నెల తిరిగే కంటే, అప్పు దొరికే 2018 మోడల్‌కు ఇంకో ముప్పై వేలు పోగేసుకోవడం మేలు కావచ్చు.

కంపెనీ పేరుకూ విలువుంది. షెవర్లే 2017 చివరికల్లా మన దేశంలో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. డాట్సన్ 2022లో వెళ్లిపోయింది. ఈ బండ్లు చవగ్గా దొరుకుతాయి. రేపు కిస్తీలు ఆగితే తిరిగి అమ్ముకోవడం కష్టం కాబట్టి అప్పిచ్చేవాళ్లు వీటికి వెనకాడతారు, ఇచ్చినా తక్కువిస్తారు. ఆ చవక ధరలో ఈ ఇబ్బంది ఖరీదు కూడా కలిసే ఉంటుంది.

పాత బండికి అప్పు అనేది కార్లతో పుట్టిన వ్యాపారం కాదు. అది లారీలతో పుట్టింది. చేతులు మారిన లారీని కొనుక్కునే డ్రైవరుకు బ్యాంకు అప్పివ్వని రోజుల్లో, 1979లో చెన్నైలో మొదలైన శ్రీరామ్ ట్రాన్స్‌పోర్ట్ ఫైనాన్స్ ఆ ఖాళీలోనే పెరిగింది. 2022లో గ్రూపులోని ఇతర సంస్థలతో కలిసి శ్రీరామ్ ఫైనాన్స్‌గా మారింది. జీతం స్లిప్పు లేనివాడిని అతని పని, అతని బండి, అతనికి జామీను ఉండే మనిషిని చూసి అంచనా కట్టే పద్ధతి లారీల నుంచే కార్లకు వచ్చింది. అప్పు దొరుకుతుంది, కానీ మునిగే ప్రమాదానికి సరిపడా వడ్డీ ముందే కలిపి ఉంటుంది.

చెప్పిన ధర, కట్టిన ధర

అమ్మేవాడు 3 లక్షల 40 వేలు అన్నాడనుకుందాం. కొనేవాడు అందులో ముప్పాతిక వంతు అప్పు వస్తుందని లెక్క వేసుకుంటాడు. అప్పిచ్చేవాడి లెక్క వేరు. అతను తన వాల్యుయేటర్‌ను పంపుతాడు, లేదా తన దగ్గరున్న మోడల్‌వారీ ధరల పట్టిక చూస్తాడు. వాల్యుయేటర్ 2 లక్షల 80 వేలే రాశాడనుకుంటే, దాని మీద 75 శాతం అంటే 2 లక్షల 10 వేలు అప్పు. మిగిలిన 1 లక్షా 30 వేలు చేతి నుంచి పెట్టాలి.

ఆ 2 లక్షల 10 వేలు కూడా పూర్తిగా చేతికి రావు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతమైతే 4,200, దాని మీద 18 శాతం జీఎస్టీ 756, మొత్తం 4,956. ఇవి కాక డాక్యుమెంటేషన్ ఛార్జీ, వాల్యుయేషన్ ఫీజు, స్టాంపు ఖర్చు. చాలాచోట్ల అడక్కుండానే కలిపేసే అప్పుదారు జీవిత బీమా ఇంకోటి. ఆ బీమా మంచిదే కావచ్చు, కానీ అది వద్దనే హక్కు కొనేవాడికి ఉంది.

ఇదే అప్పు 24 నెలలకు, తగ్గుతూ వచ్చే అసలు మీద 15 శాతం వడ్డీకి తీసుకుంటే నెలకు 10,182 రూపాయలు కట్టాలి. రెండేళ్లలో వడ్డీ 34 వేల పైచిలుకు. బండి ఇంటికొచ్చాక పేరు మార్పు, ఇన్సూరెన్స్, టైర్లు, బ్యాటరీ, సర్వీసింగ్. పాత కారు కొన్న మొదటి మూడు నెలల్లోనే వీటిలో రెండు మూడు తప్పకుండా మీద పడతాయి. చేతిలో 30, 40 వేలు విడిగా ఉంచుకోకుండా ఉన్నదంతా డౌన్ పేమెంట్‌కు ఊడ్చిపెట్టినవాడు మొదటి రిపేరుకే మళ్లీ అప్పు చేస్తాడు.

బేరమాడేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన తేదీ ఒకటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది, పైనుండే సెస్సు పోయింది. కొత్తదాని ధర తగ్గితే పాతదాని ధర కూడా తగ్గాలి. అంతకుముందు రేట్లు చూపించి ధర చెప్పేవాడికి ఈ మాట గుర్తు చేయొచ్చు. పాత కార్ల డీలర్లు తమ లాభం మీద 18 శాతం జీఎస్టీ కట్టాలి. ఊళ్లో ఒకరి దగ్గర ఒకరు నేరుగా కొనుక్కుంటే ఆ పన్ను లేదు. కాబట్టి వ్యక్తి నుంచి వ్యక్తి కొంటున్నప్పుడు ‘జీఎస్టీ కలిపి’ అనే మాట వినబడితే అక్కడే ఆపి అడగాలి.

ముప్పావలా మాయ

డెల్టా పల్లెల్లో వడ్డీని శాతాల్లో ఎవరూ చెప్పుకోరు. రూపాయి వడ్డీ, రూపాయిన్నర వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటారు. నూటికి నెలకు అంత అని. రూపాయి వడ్డీ ఏడాదికి 12 శాతం, రెండు రూపాయలు 24 శాతం. ఈ లెక్క చిన్నపిల్లలకు కూడా వచ్చు. ఫైనాన్స్ ఇప్పించేవాళ్లకు ఆ సంగతి తెలుసు కాబట్టి ఆ భాషలోనే మాట్లాడతారు.

‘బాబాయ్, బయట రెండు రూపాయలు నడుస్తోంది. నీకు ముప్పావలాకే ఇప్పిస్తా’ అంటాడు బ్రోకర్. ముప్పావలా అంటే ఏడాదికి 9 శాతం. వినడానికి బ్యాంకు కంటే చవక. అతను అబద్ధం చెప్పలేదు, ఒక్క మాట మింగాడంతే. అది ఫ్లాట్ వడ్డీ.

ప్రోనోటు అప్పులో మధ్యలో కొంత అసలు కడితే నోటు వెనక చెల్లు రాయించుకుంటారు. ఆ తర్వాత మిగిలిన అసలుకే వడ్డీ. ఫ్లాట్ పద్ధతిలో చెల్లుకు విలువ లేదు. నెలనెలా అసలు తీరుస్తూ పోతున్నా, మొదటి రోజు తీసుకున్న మొత్తం మీదే చివరి నెల దాకా వడ్డీ పడుతుంది.

కాగితం తీసుకుని లెక్క వేస్తే సంగతి బయటపడుతుంది. మూడు లక్షల అప్పు, మూడేళ్లు. ఫ్లాట్ 9 శాతమైతే ఏడాదికి 27,000, మూడేళ్లకు 81,000 వడ్డీ. మొత్తం 3,81,000ను 36తో భాగిస్తే నెల కిస్తీ 10,583. ఇప్పుడు అదే అప్పు బ్యాంకు పద్ధతిలో, తగ్గే అసలు మీద 12 శాతానికి, అంటే రూపాయి వడ్డీకి తీసుకుంటే నెల కిస్తీ 9,964, మొత్తం వడ్డీ సుమారు 58,700. ముప్పావలా అన్నది రూపాయి కంటే 22 వేలు ఎక్కువ తిన్నది. ఆ ఫ్లాట్ 9 శాతాన్ని బ్యాంకు భాషలోకి మారిస్తే 16 శాతం పైనే. ఊరి లెక్కలో రూపాయీ ముప్పయ్యయిదు పైసలు.

దీనికి విరుగుడు 2024 అక్టోబరు 1 నుంచి చట్టబద్ధంగా చేతికొచ్చింది. ఆ రోజు నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ప్రతి రిటైల్ అప్పుకూ ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. అందులో అన్ని ఫీజులూ కలుపుకున్న అసలైన వార్షిక రేటు ఒకే అంకెగా రాయాలి. అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, చదివి వివరించాలి. అందులో లేని ఛార్జీని తర్వాత అతని ఒప్పుకోలు లేకుండా వసూలు చేయకూడదు. తెలుగులో ఇవ్వమని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. రెండు మూడు సంస్థల స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టుకుని ఆ వార్షిక రేటు అంకె ఒక్కటే పోల్చుకుంటే చాలు. ఫ్లాటా, రెడ్యూసింగా అన్న గొడవ అక్కడితో తీరిపోతుంది.

కాలపరిమితి దగ్గర ఇంకో బోల్తా ఉంది. మూడు లక్షలకు 14 శాతం వడ్డీతో అయిదేళ్లు పెట్టుకుంటే నెల కిస్తీ 6,980, హాయిగా అనిపిస్తుంది. మూడేళ్లయితే 10,253. కానీ అయిదేళ్లలో వడ్డీ 1,18,800, మూడేళ్లలో 69,100. తేడా దాదాపు 50 వేలు. పైగా అయిదో ఏడు వచ్చేసరికి బండికి గేర్‌బాక్సో, ఏసీ కంప్రెసరో మొరాయిస్తుంటుంది. కిస్తీ, మెకానిక్కు బిల్లు ఒకే నెలలో వస్తాయి.

జీతం స్లిప్పు లేని ఇల్లు

అరటి రైతుకు నెల జీతం ఉండదు. గెల కోతకొచ్చినప్పుడు డబ్బు, పసుపు దుగ్గిరాల యార్డుకు చేరినప్పుడు డబ్బు. ట్రాక్టర్ అప్పుకైతే పంటను బట్టి ఆరు నెలలకో కిస్తీ పెట్టుకునే వీలుంటుంది. కారు అప్పుకు మాత్రం నెలనెలా కట్టాలి. కాబట్టి పంట డబ్బు చేతికొచ్చిన రోజే ఆరు నెలల కిస్తీల మొత్తాన్ని విడి ఖాతాలో పడేసి, ఆ ఖాతాకే ఆటో డెబిట్ పెట్టించుకోవడం ఒక దారి.

కాగితాల విషయానికొస్తే పట్టాదారు పాసుపుస్తకం, 1బి, అడంగల్, ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు సిద్ధంగా ఉండాలి. ఇన్‌కం ట్యాక్స్ రిటర్న్ ఉన్నవాళ్లకు దారి సులువు. పంట డబ్బు మొత్తం నగదుగా తీసుకునేవాడికి బ్యాంకు స్టేట్‌మెంట్‌లో చూపించడానికేమీ మిగలదు. యార్డు డబ్బులు ఖాతాలో వేయించుకునే అలవాటు అప్పు అడగడానికి ఏడాది ముందే మొదలవ్వాలి.

కొల్లూరు మండలంలో ఇంకో చిన్న తలనొప్పి ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనలో ఈ మండలం గుంటూరు జిల్లా నుంచి బాపట్ల జిల్లాకు మారింది. పాత ఆధార్‌లో, పాసుపుస్తకంలో గుంటూరు అని, కొత్త కాగితాల్లో బాపట్ల అని ఉంటే చిరునామా తనిఖీలో ఫైలు ఆగే అవకాశం ఉంది. ఆధార్ చిరునామా ముందే సరిచేయించుకుంటే తిరుగుడు తప్పుతుంది.

సిబిల్ స్కోరు 300 నుంచి 900 మధ్య ఉంటుంది. ఏడాదికోసారి పూర్తి రిపోర్టును ప్రతి క్రెడిట్ బ్యూరో ఉచితంగా ఇవ్వాలి. బ్రోకర్‌కు డబ్బిచ్చి తీయించుకోవాల్సిన పని లేదు. ఎప్పుడో తీర్చేసిన అప్పు ఇంకా బాకీగా కనబడుతుంటే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో సరిచేయకపోతే ఆలస్యమైన ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారం రావాలనేది రిజర్వు బ్యాంకు నియమం.

జామీను సంతకం గురించి ఒక మాట. ‘ఊరికే సంతకమే కదా అన్నయ్యా’ అని అడిగేవాళ్లుంటారు. కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం జామీను ఉన్నవాడి బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానం. కిస్తీలు ఆగితే ఇద్దరి సిబిలూ పడుతుంది, నోటీసు ఇద్దరికీ వస్తుంది.

పదిహేనేళ్లకు దగ్గరపడ్డ బండికి కారు అప్పే దొరకదు. అప్పుడు మిగిలేవి బంగారం, చీటీ, పర్సనల్ లోన్, ప్రోనోటు. చిన్న మొత్తానికి బంగారం తాకట్టు తరచుగా చవక. ఆర్‌బీఐ 2026 ఏప్రిల్ 1 నుంచి అమలుకు పెట్టిన నిబంధనల ప్రకారం 2.5 లక్షల లోపు అప్పుకు బంగారం విలువలో 85 శాతం వరకు, 5 లక్షల లోపైతే 80 శాతం వరకు ఇవ్వొచ్చు. బండి మీద హెచ్‌పీ (హైపోథికేషన్, అంటే అప్పిచ్చినవాడి హక్కు నమోదు) పడదు, సి-బుక్కు శుభ్రంగా ఉంటుంది. అయితే పంట రుణం పేరుతో తక్కువ వడ్డీకి తీసుకున్న బంగారం అప్పును కారుకు మళ్లించడం నిబంధనలకు విరుద్ధం. చీటీ అయితే రిజిస్టరైనదై ఉండాలి. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద నమోదు కాని చీటీలో పాడుకున్న డబ్బుతో బండి కొనడమంటే రెండు ప్రమాదాలను ఒకచోట చేర్చడమే.

‘మిగతా కిస్తీలు నువ్వు కట్టుకో’

పాత కార్ల బేరాల్లో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇది. అమ్మేవాడి పేరున అప్పు ఇంకా నడుస్తుంటుంది. చేతికి లక్ష ఇచ్చేసి మిగతా కిస్తీలు తన ఖాతాలో వేస్తుండమంటాడు. తెల్లకాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టుకుంటారు. అప్పు ఒప్పందంలో సంస్థ అనుమతి లేకుండా బండి అమ్మకూడదని షరతు ఉంటుంది. కిస్తీలన్నీ కొన్నవాడే కట్టినా రికార్డులో యజమాని పాతవాడే, బాకీదారు పాతవాడే. మధ్యలో అతను ఎదురు తిరిగినా, చనిపోయినా, సంస్థ బండిని పట్టుకెళ్లినా కొన్నవాడి చేతిలో మిగిలేది ఆ తెల్లకాగితమే.

సరైన దారి కొంచెం పొడుగు, అంతే. అమ్మేవాడు తన సంస్థ నుంచి ఇంకా ఎంత కట్టాలో రాతపూర్వకంగా తెస్తాడు. కొనేవాడు ఆ మొత్తాన్ని అమ్మేవాడి చేతికివ్వకుండా నేరుగా ఆ అప్పు ఖాతాలోనే జమ చేస్తాడు. సంస్థ ఎన్‌ఓసీ, ఫారం 35 ఇస్తుంది. ఆర్‌టీఓ దగ్గర హెచ్‌పీ తొలగుతుంది. ఆ తర్వాతే మిగిలిన డబ్బు, పేరు మార్పు. కొత్త అప్పు ఇచ్చే సంస్థే పాత అప్పును తీర్చేసే ఏర్పాటు కూడా ఉంటుంది, అడగాలి.

పేరు మార్పును వాయిదా వేయడం అమ్మేవాడి మెడకే చుట్టుకుంటుందనడానికి సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న ఇచ్చిన నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ తీర్పు సాక్ష్యం. రికార్డులో యజమానిగా ఉన్నాయన 2007లోనే కారు అమ్మేశాడు. అది మరికొందరి చేతులు మారింది. ఎవరూ పేరు మార్పించుకోలేదు. 2009లో ప్రమాదం జరిగింది. పరిహారం కట్టాల్సింది రికార్డులో పేరున్న మొదటివాడేనని కోర్టు తేల్చింది. పేరు మార్పుకు వాడే ఫారం 29, ఫారం 30 మీద ఖాళీగా సంతకం పెట్టి చేతికిచ్చి, ‘మీ వీలును బట్టి మార్పించుకోండి’ అని పంపేసేవాళ్లు ఈ తీర్పు తెలుసుకోవాలి. అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోపు అమ్మినవాడు తెలియజేయాలి, 30 రోజుల్లోపు కొన్నవాడు దరఖాస్తు పెట్టాలి. డీలరు ద్వారా కొంటే అతనికి 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల కింద ఆర్‌టీఏ ఆథరైజేషన్ ఉందో లేదో అడగాలి.

వరద బండ్లు, ఢిల్లీ బండ్లు

2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వదిలారు. బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉంది, కొల్లూరు లంకలు మునిగాయి. ఇంజన్లోకి నీళ్లెక్కిన బండ్లు వేలల్లో. అలాంటి వాటిని కడిగి, సీట్ కవర్లు మార్చి, అమ్మకానికి పెట్టడం ప్రతి వరద తర్వాతా జరిగేదే.

వాల్యుయేటర్ వచ్చి చూశాడు కదా అని ధైర్యపడకూడదు. అతను అప్పిచ్చేవాడి కోసం వచ్చినవాడు, ఛాసిస్ నంబరు సరిచూసి ఫొటోలు తీసుకుని వెళ్తాడు. కొనేవాడి పరీక్ష కొనేవాడిదే. సీటు బెల్టును చివరంటా లాగాలి. పైకి శుభ్రంగా ఉన్న బెల్టు, లోపలి చివర మూరెడు దగ్గర మట్టి రంగు గీత చూపిస్తే నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అదే చెబుతుంది. సీటు కింద పట్టాల తుప్పు, స్టెప్నీ గుంతలో ఎండిన ఒండ్రు, అద్దాలు మూసి ఏసీ వేసిన కాసేపటికి వచ్చే ముక్క వాసన. ఈ నాలుగూ చూడటానికి మెకానిక్ కూడా అక్కర్లేదు. పాత ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర క్లెయిముల చరిత్ర కనుక్కోమని అమ్మేవాడినే అడగాలి. తటపటాయిస్తే అదీ ఒక జవాబే.

ఇక ఢిల్లీ బండ్లు. అక్కడ డీజిల్ కారుకు పదేళ్లు, పెట్రోల్ కారుకు పదిహేనేళ్లు దాటితే తిప్పకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అమలు మీద వివాదాలు నడుస్తూనే ఉన్నా, గడువు దగ్గరపడ్డ డీజిల్ కార్లు చవగ్గా దక్షిణాదికి దిగుతున్నాయి. ధర చూసి మురిసేలోపు మిగతా ఖర్చు వేసుకోవాలి. అక్కడి ఆర్‌టీఓ ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు. ఏపీ నంబరు పడేదాకా చాలా సంస్థలు అప్పు ఫైలే తెరవవు. లైఫ్ ట్యాక్స్ కలిపాక ఆ కారు, పక్క ఊళ్లో ఉన్న ఏపీ07 కారు ధరకు దాదాపుగా వచ్చేస్తుంది.

ఇన్సూరెన్స్ ఎవరి పేరున?

బండితో పాటు ఇన్సూరెన్స్ కూడా వచ్చేసిందని చాలామంది అనుకుంటారు. వచ్చేది సగమే. మోటారు వాహనాల చట్టం 157వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ రక్షణ కొత్త యజమానికి మారినట్టే లెక్క. సొంత బండికి జరిగే నష్టం మాత్రం పాలసీ తన పేరున మార్పించుకుంటేనే వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. మార్పుకు 14 రోజుల్లోపు కంపెనీకి దరఖాస్తు పెట్టాలి. నో క్లెయిమ్ బోనస్ అమ్మినవాడిదే, కొన్నవాడికి రాదు.

అప్పున్న బండికి ఫుల్ ఇన్సూరెన్స్ ఉండాలని సంస్థలు పట్టుబడతాయి. అయిదేళ్లు దాటిన బండికి బీమా విలువ ఎంతన్నది కంపెనీ, యజమాని మాట్లాడుకుని నిర్ణయించుకునేదే. ప్రీమియం తగ్గుతుందని దాన్ని మరీ కిందికి దించితే, బండి పూర్తిగా పాడైన రోజు వచ్చే డబ్బు ముందు అప్పిచ్చినవాడికే పోతుంది. బాకీ అంతకంటే ఎక్కువుంటే, లేని బండికి కిస్తీలు కట్టాల్సి వస్తుంది. కాబట్టి బీమా విలువ ఏ ఏడూ మిగిలిన బాకీ కంటే తగ్గకూడదు.

కిస్తీ తప్పితే

పంట దెబ్బతిని ఒక నెల ఆగిపోతుందని ముందే తెలిస్తే, ఆ తేదీకి ముందే బ్రాంచికి వెళ్లి రాతపూర్వకంగా చెప్పాలి. ఫోను ఎత్తకుండా తిరగడం వల్ల చెక్ బౌన్స్ ఛార్జీ, ఆలస్య రుసుము, సిబిల్ దెబ్బ మూడూ ఒకేసారి పడతాయి. 2024 ఏప్రిల్ నుంచి ఆలస్యానికి జరిమానాను వడ్డీ రూపంలో కలిపి, దాని మీద మళ్లీ వడ్డీ వేయడం కుదరదు. విడి ఛార్జీగానే వేయాలి.

రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 దాటాక ఫోన్ చేయకూడదు. దారిలో అడ్డగించి బలవంతంగా తాళాలు లాక్కోవడం చెల్లదని, బండి స్వాధీనం చట్టప్రకారమే జరగాలని సుప్రీంకోర్టు 2007లో ప్రకాశ్ కౌర్ కేసులో స్పష్టం చేసింది. ముందు సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా రాయొచ్చు. సమాచారం కోసం ఫోన్ నంబరు 14448.

చివరి కిస్తీ కట్టిన వారం

చివరి కిస్తీ ఖాతాలోంచి పోగానే పని అయిపోయిందనుకుని కాగితాలు బీరువాలో పడేసేవాళ్లు ఎక్కువ. సంస్థ ఇచ్చిన ఎన్‌ఓసీ మీద చాలాసార్లు గడువు తేదీ ఉంటుంది, అది దాటితే మళ్లీ తిరగాలి. ఎన్‌ఓసీ, ఫారం 35 పట్టుకుని ఆ వారంలోనే హెచ్‌పీ తొలగింపుకు దరఖాస్తు పెట్టండి. ఇన్సూరెన్స్ పాలసీలోనూ ఫైనాన్స్ పేరు తీయించండి. అప్పటికి ఇచ్చి ఉంచిన ఖాళీ చెక్కులు, ప్రోనోటు తిరిగి తీసుకోండి. నెల రోజుల తర్వాత సిబిల్ రిపోర్టులో ఆ అప్పు ‘క్లోజ్డ్’ అని పడిందో లేదో చూసుకోండి. సి-బుక్కులో హెచ్‌పీ కనబడుతున్నంత కాలం, రూపాయి బాకీ లేకపోయినా ఆ కారును ఇంకొకరికి అమ్మి పేరు మార్చడం కుదరదు.